అద్దాల పెట్టెలోకి వెళ్ళని తుపాకీ

తుపాకీ ఇవ్వనని మొదటిసారి చెప్పినప్పుడు మా మామయ్య పానిలూ నవ్వాడు. చంటిపిల్ల మారాం చేస్తుంటే పెద్దవాళ్ళు నవ్వే నవ్వు అది. ముప్పై దాటిన దాన్ని, నాకు ఒళ్ళు మండదా?

"రోడా, ఆ తుపాకీ నీదీ కాదు, నాదీ కాదు. ఊరందరిదీ," అన్నాడు. ఊరి సంఘానికి పెద్ద అయినప్పటి నుంచి ఆయన ఇంట్లో మాట్లాడినా మైకు ముందు నిలబడ్డట్టే ఉంటుంది. "కొత్త హాల్లో గుమ్మానికి ఎదురుగా అద్దాల పెట్టె పెట్టిస్తున్నాం. లోపల లైటు. కింద నాన్న పేరు పెద్ద అక్షరాల్లో. వేసవిలో ఓడల మీద వచ్చేవాళ్ళంతా చూస్తారు, ఫోటోలు తీసుకుంటారు."

"తీసుకుని?"

"గౌరవం కదే పిచ్చిదానా!"

"గొట్టంలో సీసం పోసి మూసేస్తారట. బోల్టులోంచి తూటాని పేల్చే సూది పీకేస్తారట. అదేనా గౌరవం?"

"జనం మధ్య పెట్టేటప్పుడు పేలే తుపాకీ పెట్టకూడదు. అది రూలు."

"అయితే పెట్టకండి."

ఆయన మళ్ళీ నవ్వి, నా టీ తాగేసి వెళ్ళిపోయాడు.

నా పేరు సంగతి చెప్పకపోతే నా కోపం మీకు సగమే అర్థమవుతుంది. ఆ తుపాకీ మా తాతది. ఆయన పేరు ఖౌనాక్. ఆయన పోయిన చలికాలంలోనే నేను పుట్టాను, ఆయన పేరు నాకు పెట్టారు. ఉత్తరాన మంచు సముద్రం ఒడ్డున బతికే మాలో పేరు పెట్టడమంటే గుర్తుగా పెట్టుకోవడం కాదు. పేరుతోపాటు మనిషీ వస్తాడు. అందుకే నన్ను పెంచిన మా అమ్మమ్మ తగూర్నాక్‌కి నేను మనవరాలిని కాను, మొగుణ్ణి. "ఏమయ్యా, టీ చల్లారిపోతోంది, వస్తావా రావా?" అని ఆవిడ నాలుగేళ్ళ పిల్లని పిలిస్తే మా ఊళ్ళో ఎవరూ తల తిప్పి చూసేవారు కాదు.

మామయ్యకి నేను నాన్నని. ముద్దుకి పిలిచే పిలుపు కాదది. వేటాడి తెచ్చిన దాంట్లో మంచి ముక్క ముందు నాకు పెట్టి, "నాన్నా, తిను" అనేవాడు. కొత్త బండి కొనాలన్నా నన్ను అడిగేవాడు. నేను పాలపళ్ళేసుకుని ఆ ఆరడుగుల మనిషిని "అబ్బాయ్" అని పిలిచేదాన్ని. "అబ్బాయ్, బూట్లు దులుపుకుని లోపలికి రా" అంటే దులుపుకునే వచ్చేవాడు. సంఘం పెద్ద అయ్యాడు, దక్షిణాన ఎక్కడో ఉన్న పెద్ద పెద్ద ఊళ్ళకి మీటింగులకి తిరిగాడు, అప్పుడు నేను రోడానైపోయాను. అది చర్చిలో రాసుకున్న పేరు. నేనేం తక్కువ తిన్నానా? 'మామయ్య గారూ' అనడం మొదలుపెట్టాను, 'గారూ' మీద బాగా ఒత్తి.

ఇక తుపాకీ. త్రీ నాట్ త్రీ రైఫిల్. సైన్యం కోసం చేసింది. తాత ఊరి గస్తీలో చేరినప్పుడు ఆయన చేతికిచ్చారు, అప్పటికే అది పాతది. ఒకసారి మంచు మీద లాగే స్లెడ్జి బండి కింద పడి కర్ర పగిలితే తాత సముద్రంలో వేటాడి తెచ్చే సీల్ పచ్చి తోలు తాడుతో చుట్టాడు. ఆ తోలు ఎండి బిగుసుకుని ఇప్పటికీ వదల్లేదు. దుర్భిణి లేదు, గురి చూడ్డానికి వెనక ఒక కన్నం, కొసన ఒక ఇనప పలుకు, అంతే. అద్దాలు లేవు కాబట్టి ఆవిరి పట్టదు. బోల్టు పిడి మందపాటి తోలు చేతితొడుగుతోనే పట్టుకోవచ్చు. ఎత్తు, లాగు, తొయ్యి, దించు. తూటా కూర్చున్న సంగతి కళ్ళు మూసుకున్నా అరచేతికి తెలుస్తుంది. మామయ్య కొడుకు ఎనూకీ దగ్గర కొత్త రకం తుపాకీ ఉంది, నల్లగా, సొగసుగా. అది వేటలో కంటే రిపేరు కోసం విమానంలోనే ఎక్కువ తిరిగింది. ఆ మాటంటే వాడికి మూతి ముడుచుకుపోతుంది.

మా ఇంటికి టీ కోసం వచ్చే ముసలాళ్ళు ముందు చలి వసారాలో ఆగుతారు. ఆ తుపాకీ ఎప్పుడూ అక్కడే ఉంటుంది. వెచ్చటి ఇంట్లోకి తెస్తే ఇనుముకి చెమట పడుతుంది, బయటికి తీసుకెళ్ళగానే ఆ చెమట లోపల గడ్డకడుతుంది. వాళ్ళు దాన్ని తీసి, ఒక్కసారి బోల్టు ఆడించి, ఆ చప్పుడు విని, అప్పుడు లోపలికొస్తారు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. నేనూ రోజూ చేసే పనే.

మామయ్య అలా వచ్చి వెళ్ళాక ఒక రోజు నేను కొట్లో పని ముగించుకుని ఇంటికొచ్చేసరికి వసారాలో మేకు ఖాళీగా ఉంది.

"నీ కొడుకు వచ్చి నీ తుపాకీ ఎత్తుకుపోయాడయ్యా," అంది అమ్మమ్మ, బూటుకి కుట్టు వేస్తూ, తలెత్తకుండా.

"మరి ఆపలేదా?"

"ఆపడానికి నేనెవర్ని? తుపాకీ నాదా? రేపు విమానంలో మనిషొస్తాడట, సీసం పొయ్యడానికి." దారం పళ్ళతో కొరికింది. "నా మొగుడు బతికున్న రోజుల్లో మా వసారాలో చెయ్యి పెట్టే మొనగాడు లేడు."

"అమ్మమ్మా!"

"నాకు సీల్ కాలేయం తినాలనుంది. ఒంట్లో వేడి ఇంకా చల్లారకుండానే కోసినది. ఎవరికి చెప్పుకోను? మొగుడు లేనిదాన్ని."

ఆవిడకి ఎక్కడ గుచ్చితే ఎక్కడ నొప్పెడుతుందో బాగా తెలుసు. నేను కూర్చోకుండానే తిరిగి బయటికి నడిచాను.

మామయ్య ఇంట్లో ఎనూకీ ఒక్కడే ఉన్నాడు. వంటగది బల్ల మీద, పొయ్యికి దగ్గరగా, తువ్వాలు పరిచి తుపాకీ పడుకోబెట్టారు. కర్రకి రంగు, ఇనుముకి నూనె. నిగనిగలాడిపోతోంది. నిజం చెప్పొద్దూ, అందంగానే ఉంది. స్నానం చేయించి కొత్త బట్టలు తొడిగిన శవంలా ఉంది.

"తాతా, ముట్టుకోకు, రంగు ఆరలేదు," అన్నాడు ఎనూకీ. వాడు మాత్రం నన్ను తాతా అనడం మానలేదు, అందులో సగం వెక్కిరింపే అయినా.

"ఒరేయ్ మనవడా, మీ నాన్న వస్తే చెప్పు, తాత వేటకెళ్ళాడని."

"నాన్న నన్ను చంపేస్తాడు!"

"నిన్ను చంపడానికి వాడికి తుపాకీ ఉండాలి కదరా," అని దాన్ని భుజాన వేసుకుని వచ్చేశాను.

మర్నాడు తెల్లారగానే, వసారాలో ఉన్న తుపాకీని మామయ్య మళ్ళీ వచ్చి పట్టుకుపోకముందే, మంచు మీద నడిచే స్నో మొబైల్‌కి స్లెడ్జి తగిలించుకుని గడ్డకట్టిన సముద్రం మీదుగా వెళ్ళాను. మంచు ఆగిపోయి నీళ్ళు మొదలయ్యే అంచు దగ్గర ఇంజను ఆపాను. నల్లటి నీళ్ళ మీద పొగ లేస్తోంది. కనురెప్పలు అంటుకుపోయే చలి. మంచు దిబ్బ వెనక బోర్లా పడుకుని కాచుకున్నాను. చాలాసేపటికి నీళ్ళలోంచి గుండ్రటి తల ఒకటి లేచి నా వైపే చూసింది.

ఊపిరి బిగపట్టి మీట నొక్కాను.

టుక్.

అంతే. పేలలేదు. పాత తలుపు గడియ పడ్డట్టు మెల్లగా ఒక్క చప్పుడు. సీల్ మునిగిపోయింది.

వెనక నుంచి పకపకా నవ్వు. ఎనూకీ. పక్కనే మామయ్య. బండి దూరంగా ఆపి నడిచొచ్చారు, నాకు వినపడనేలేదు.

"చూశావా రోడా?" అన్నాడు మామయ్య. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది, జాలి ఉంది. "ముసలిదైపోయిందమ్మా. ఎంతకాలమని? దానికి విశ్రాంతి ఇద్దాం. విమానం దిగే వేళయింది. ఇటు ఇచ్చెయ్."

నేను బోల్టు లాగి చూశాను. లోపల నూనె చలికి పేరుకుని జిగురైపోయింది. ఆ జిగురులో పడి సూది ముందుకి పోలేకపోయింది. ఒక్కసారిగా నా నోటికి ఎంతొస్తే అంత వచ్చింది.

"ముసలిదైందా? ఎవరైంది ముసలిది? దాని గొంతులో నూనె పోసింది నువ్వు! ఈ చలిలో బోల్టుకి నూనె పూస్తారా ఎక్కడైనా? ఊళ్ళో చిన్నపిల్లలు కూడా చెయ్యరే ఆ పని! నీకెవరు నేర్పారు మామయ్య గారూ?"

"పెట్టె చేసేవాళ్ళు సీసా పంపారు," అన్నాడు. "తుప్పు పట్టకుండా అని..." మాట మధ్యలోనే ఆగిపోయింది. ఆయనకి తెలుసు. ఆయనకి తెలియకపోవడమేమిటి, తాత పక్కన ఇదే మంచు మీద పెరిగినవాడు. ఆ క్షణంలో ఆయన మొహం చూసి నాకు ఎంత కసి తీరిందో, అంత బాధా వేసింది.

ఎనూకీ తన తుపాకీ ముందుకి చాపాడు. "ఇదుగో తాతా, నాది తీసుకో. ఒక్క సీల్ కోసం ఎందుకింత గొడవ?"

"సీల్ కోసం కాదురా!"

స్లెడ్జి మీంచి స్టవ్వు పెట్రోలు డబ్బా తీశాను. బోల్టు మొత్తం బయటికి లాగి, కెటిలు మూతలో పెట్రోలు పోసి అందులో ముంచాను. దానికి స్క్రూడ్రైవరు అక్కర్లేదు, తాళం చెవి అక్కర్లేదు, రెండు చేతులుంటే చాలు. అందుకే కదా అందరూ దాన్ని అంత ప్రేమిస్తారు. కానీ ఆ చేతులకి తొడుగులుండకూడదు. పెట్రోలు తగిలిన వేళ్ళు కొసల నుంచి తెల్లబడిపోతున్నాయి. చొక్కా అంచుతో తుడిచి, విదిలించి, మళ్ళీ ముంచి, మళ్ళీ తుడిచాను. నొప్పికి కళ్ళలో నీళ్ళొచ్చాయి. అవి తుడుచుకోడానికి కూడా చేతులు ఖాళీ లేవు.

"ఇంక చాలు. వేళ్ళు పోతాయే," అన్నాడు మామయ్య.

"పోనీ."

బోల్టు తోశాను. ఎత్తి, లాగి, తోసి, దించాను. పొడిగా, కరుగ్గా, వసారాలో ముసలాళ్ళంతా ఆగి వినే ఆ చప్పుడు వచ్చింది. మామయ్య తల చటుక్కున ఇటు తిరిగింది.

అప్పుడే నీళ్ళలో మళ్ళీ తల లేచింది.

వేటలో సీల్ తలెత్తితే మావాళ్ళెవరూ నిలబడి ఉండరు, అది సంఘం పెద్దయినా సరే. ఆయన నా వెనక, ఎడమ భుజం పక్కన మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఊపిరి నా చెవికి తగులుతోంది. గురి పలుకు మీద నా కళ్ళు కుదరడం లేదు, నీళ్ళ పొగ అడ్డం.

"ఎడమ పక్కకి. ఎడమ పక్కకి, నాన్నా," అన్నాడు చెవిలో గుసగుసగా. "ఆగు, తిరుగుతోంది... ఇప్పుడు నాన్నా, ఇప్పుడు!"

పేల్చాను. కర్ర భుజాన్ని గట్టిగా తన్నింది. తల వాలిపోయి నీళ్ళు ఎర్రబడ్డాయి. చప్పుడు పూర్తిగా సద్దుమణిగాక గానీ ఆయన ఏమన్నాడో నాకు బుర్రకెక్కలేదు.

వెనక్కి తిరిగి చూశాను. ఎనూకీ నోరు తెరుచుకుని వాళ్ళ నాన్ననే చూస్తున్నాడు. మామయ్య ఇంకా మోకాళ్ళ మీదే ఉన్నాడు. నెరిసిన మీసాల మీద మంచు గడ్డకట్టి ఉంది, కళ్ళు మాత్రం తండ్రి వెంట మొదటిసారి వేటకొచ్చిన పిల్లాడివి.

నేను కళ్ళు నీళ్ళ వైపు తిప్పాను. సీల్ అప్పటికే కిందికి జారుతోంది.

"అబ్బాయ్, చూస్తావేంటి?" అని కేకేశాను. "హుక్కు విసురు! మునిగిపోతోంది!"

లేచాడు. స్లెడ్జి మీది తాడు హుక్కు తీసి విసిరాడు. మొదటి విసురుకే తగిలింది. సీల్‌ని మంచు మీదికి లాగాక కెటిల్లోంచి మంచినీళ్ళు తనే దాని నోట్లో పోశాడు, చంపిన సీల్ దాహం తీర్చడం మా ఆచారం, తాతా అలాగే పోసేవాడట. తర్వాత నా దగ్గరికొచ్చి, నా తెల్లబడ్డ వేళ్ళని తన కోటు లోపలికి లాక్కుని పొట్టకి ఆనించుకున్నాడు. ఆ చల్లదనానికి ఆయన ఒళ్ళు జలదరించింది, కానీ వదల్లేదు.

"నాన్న పేరు నలుగురూ చదవాలనుకున్నాను," అన్నాడు. "అంతే. ఇంకేం లేదు."

"చదవక్కర్లేదు. పిలిస్తే చాలు," అన్నాను.

ఇంటికొచ్చాక అమ్మమ్మ నేల మీద అట్టపెట్టె పరిచి, కాలేయం కోసుకుని, నమిలి, పెదాలు తుడుచుకుంది. "ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావయ్యా?" అంది నాతో. సమాధానం కోసం చూడకుండా ఇంకో ముక్క కోసుకుంది. తుపాకీ అప్పటికే వసారాలో దాని మేకుకి వేలాడుతోంది, రంగు అక్కడక్కడా ఊడి, సీల్ నెత్తురు అంటుకుని.

సాయంత్రం హాల్లో జనం నిండారు. విమానంలో వచ్చినాయన పనిముట్ల పెట్టె పక్కన పెట్టుకుని, వెలుగుతున్న అద్దాల పెట్టె ముందు నిలబడ్డాడు. లోపల ఏమీ లేదు, కింద తాత పేరు మాత్రం పెద్ద అక్షరాల్లో ఉంది. తుపాకీ ఏదని మామయ్యని అడిగాడు ఆయన.

మామయ్య మైకు అందుకున్నాడు. ఎప్పుడూ ముందు గొంతు సవరించుకునే మనిషి, ఆ రోజు సవరించుకోలేదు.

"నన్నడిగితే ఏం లాభం?" అన్నాడు. "ఆ తుపాకీ నాది కాదు, ఊరిదీ కాదు. మా నాన్నది. ఖౌనాక్‌ది. అదిగో, ఆ తలుపు దగ్గర వేళ్ళకి కట్టు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన్నే అడగండి."

హాలు హాలంతా నా వైపు తిరిగింది. ఒక్కరూ నవ్వలేదు. విమానంలో వచ్చినాయన ఒక్కడే అయోమయంగా నన్ను పైనుంచి కిందికి చూసి, చివరికి అడిగాడు, ఇస్తారా అని.

"ఇవ్వను," అన్నాను.