ఎడమ పక్క రెండు పొరలు

"మీకు రొమ్ము క్యాన్సర్" అని డాక్టరమ్మ చెప్పి నిండా ఒక నిమిషం కాలేదు. మా అత్త అడిగిన మొదటి మాట ఇది: "స్కూలు చొక్కాలు ఇచ్చేశాక వస్తే కుదరదా అమ్మా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. చొక్కాలేమిటో, ఎందుకొచ్చాయో పాపం ఆవిడకేం తెలుసు. నేనే చెప్పాల్సొచ్చింది. మాది దర్జీ కొట్టు. ఈవిడ మా నాన్నకు అక్క. గుడ్డ కోసేది ఈవిడ, మిషను మీద కుట్టేది నాన్న, కొలతలూ కాజాలూ గుండీలూ నావి. బడి తెరిచేలోగా మూడు వందల చొక్కాలు ఇవ్వాలి. ఈవిడ ఒంట్లో ఏముందో ఇప్పుడే విని కూడా ఈవిడ ప్రాణం ఆ చొక్కాల మీదే ఉంది.

"వచ్చే బుధవారం ఆపరేషన్ చెయ్యగలను. అది వదులుకుంటే మళ్ళీ ఐదు వారాల దాకా ఖాళీ లేదు. అన్ని వారాలు ఆగమని మాత్రం నేను చెప్పను" అంది డాక్టరమ్మ. "ఇప్పటికే ఆలస్యమైంది. చర్మం లోపలికి లాగేసింది. ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?"

"ఈ మధ్యేనమ్మా" అంది అత్త.

పచ్చి అబద్ధం. అది అబద్ధమని ఆ గదిలో ఇద్దరికి తెలుసు. రెండో మనిషిని నేను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నన్నెవరూ ఏమీ అడగకపోయినా తల దించుకున్నాను.

ఎనిమిది నెలల కిందట అత్త తనకో కొత్త జాకెట్టు కుట్టమని నన్ను అడిగింది. ఎన్నడూ లేనిది. తన బట్టలు తనే కొలుచుకుని, తనే కోసుకుని, తనే కుట్టుకునే మనిషి. ఇంకొకరు కుడితే వంద వంకలు పెడుతుంది. అలాంటిది టేపు తెచ్చి నా చేతిలో పెట్టి, రెండు చేతులూ కాస్త ఎత్తి నిలబడింది. కుడి పక్క తీశాను, ఎడమ పక్క తీశాను. తేడా వచ్చింది. మళ్ళీ తీశాను. ఎడమ రొమ్ము కాస్త పైకి, లోపలికి లాక్కున్నట్టు ఉంది. టేపు కింద గట్టిగా ఏదో తగిలింది కూడా. పాపిష్టి వేళ్ళకు తెలిసింది. నోరే పెగల్లేదు.

ఆ నోటికి తాళం వేసింది కూడా ఆవిడే. పదహారేళ్ళప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పుతూ, సూదిలో దారం ఎక్కించడం కన్నా ముందు చెప్పిన మాట ఇది: "కొలత తీసేటప్పుడు మనిషి ఒంటి గురించి నోరెత్తకు. ఒకరికి భుజం జారి ఉంటుంది, ఒకరికి వీపు వంగి ఉంటుంది. వాళ్ళకి తెలీకనా? నువ్వు గుడ్డలో సర్దెయ్, అంతే." ఈ చుట్టుపక్కల సగం మంది వంకరలు మా కొలతల పుస్తకంలో ఉన్నాయి. ఒక్కటి కూడా కొట్టు గడప దాటి బయటికి పోలేదు. అందుకే జనం వెతుక్కుంటూ మా దగ్గరికి వస్తారు.

నేనూ సర్దేశాను. పుస్తకంలో తేదీ వేసి, "ఎడమ పక్క లోపల రెండు పొరలు" అని రాసుకున్నాను. రాసినట్టే రెండు పొరల గుడ్డ పెట్టి కుట్టాను. ఎంత పొందికగా కుట్టానంటే, అత్త దాన్ని తొడుక్కుని అద్దం ముందు నిలబడితే ఏ పక్క ఏదో చెప్పడం ఎవరి తరమూ కాదు. "నీ చెయ్యి తిరిగిందే" అని నాన్న మెచ్చుకున్నాడు. సిగ్గులేనిదాన్ని, మురిసిపోయాను. అత్త మాత్రం అద్దంలో తనను చూసుకోకుండా నన్నే చూస్తూ చాలాసేపు నిలబడింది. కుట్టు నచ్చలేదేమో అనుకున్నాను.

పోయిన నెల ఆ జాకెట్టు ఉతుకుతుంటే లోపలి పొర మీద రక్తపు మరక కనబడింది. అప్పుడు చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి లాక్కొచ్చాను. పరీక్షలన్నీ అయి సంగతి తేలేసరికి ఈ రోజైంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను.

ఇద్దరం బస్సెక్కాం. కొట్టుకు వచ్చేసరికి నాన్న మిషను మీద కాలర్లు కుడుతున్నాడు. నేను నిలబడే, ఒక్క మాట కూడా నమలకుండా చెప్పేశాను. క్యాన్సర్. బుధవారం ఆపరేషన్. అది తప్పితే మళ్ళీ ఐదు వారాలు. నాన్న మిషను ఆపేశాడు. అక్క మొహం చూశాడు, నా మొహం చూశాడు, చివరికి గోడ మీద క్యాలెండరు చూశాడు.

"బుధవారమా? శుక్రవారం కదమ్మా చొక్కాలు ఇవ్వాల్సింది. ఇంకా నూట ఇరవై చొక్కాల గుడ్డ కొయ్యనే లేదు. ఒక్క వారం అటూ ఇటూగా..."

"ఒక వారం కాదు నాన్నా, ఐదు వారాలు! చెవుల్లో ఏం పెట్టుకున్నావు?"

"అది కాదే. అక్క లేకపోతే కోసేదెవరు? బడివాళ్ళకి మాటిచ్చాం. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి మాట తప్పామా?"

"పిల్లలు నాలుగు రోజులు పాత చొక్కాలు వేసుకెళ్తే కొంపలేం అంటుకోవు!" అని అరిచాను. "ఆవిడకి ఏమైనా అయితే ఏం చేస్తావు? ఆ చొక్కాలు పక్కన పెట్టుకుని ఏడుస్తావా?"

నాన్న చేతిలోని కాలరు మిషను మీద పెట్టేశాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఏం చెయ్యాలో తోచక అన్నానే" అన్నాడు. ఆయన భయం నాకు అర్థం కాకపోలేదు. ఎనిమిదేళ్ళప్పుడు తల్లి పోతే ఈ అక్కే ఆయన్ని పెంచింది. కానీ ఆ పూట నాకు ఎవరి మీదా జాలిపడే ఓపిక లేదు.

ఈ గొడవంతా జరుగుతుంటే మా అత్త ఏం చేస్తోందనుకున్నారు? నిమ్మకు నీరెత్తినట్టు చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని వచ్చి, బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి, సుద్దతో గీతలు గీస్తోంది. మేము వాదించుకుంటున్నది పక్కింటివాళ్ళ సంగతి అన్నట్టు!

నాకు ఒళ్ళు తెలియలేదు. బల్ల దగ్గరికి వెళ్ళి గుడ్డ పట్టుకుని ఒక్క లాగు లాగాను. సుద్ద ఎగిరి నేల మీద పడింది.

"ఏమే, గుడ్డ నలుగుతుంది" అంది అత్త.

"నలగనీ. చిరగనీ. ఏట్లో కలవనీ. నువ్వు బుధవారం వస్తున్నావా లేదా, ఆ ఒక్క మాట చెప్పు."

"నలుగురి ముందూ ఏంటే ఆ అరుపులు?"

నలుగురూ లేరు, నాన్న ఒక్కడే ఉన్నాడు. అయినా అత్త రెక్క పట్టుకుని, కస్టమర్లు బట్టలు తొడిగి చూసుకునే మూలగదిలోకి తీసుకెళ్ళి తెర లాగేశాను. అందులో ఒక అద్దం, ఒక కొక్కెం, ఇద్దరు నిలబడితే మోచేతులు తగిలేంత చోటు. మీద మీద పడి కసురుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు.

"ఎనిమిది నెలలు!" అన్నాను. "ఎనిమిది నెలలు కడుపులో పెట్టుకుని కూర్చున్నావు. ఒక్క ఇంట్లో తింటూ, ఒక్క గదిలో పడుకుంటూ! నోరు లేదా నీకు? కాలి మీద కత్తెర పడితే ఇల్లు ఎగిరిపోయేలా కేకలు పెడతావే, దీన్నెందుకు దాచావు?"

ఇంకా అరవబోయాను. అప్పుడంది అత్త.

"దాచానా? దాచేదాన్నైతే ఆ జాకెట్టు నేనే కుట్టుకునేదాన్ని కదటే."

పట్టుకున్న ఆవిడ రెక్క వదిలేశాను.

"నాకు కుట్టడం రాకనా నీ చేతికి టేపిచ్చింది? నా నోటితో చెప్పుకోవడం నాకు చాతకాలేదు. నీ చేతికి తగులుతుంది, ఇదేంటి అత్తా అని అడుగుతావు, అప్పుడు చెబుదామనుకున్నాను. రెండుసార్లు కొలిచావు. తగిలింది, నీ మొహంలో కనబడింది నాకు. పుస్తకంలో రాసుకున్నావు. కుట్టి తెచ్చి ఇచ్చావు. అంతే."

"నువ్వే కదా చెప్పావు" అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినబడింది. "ఒంటి గురించి అడగకూడదని నువ్వే కదా నేర్పావు."

"కస్టమర్లని అడగొద్దని చెప్పాను" అంది అత్త. అప్పుడు కోపం వచ్చింది ఆవిడకి, ఎనిమిది నెలల కోపం. "నేను నీకు కస్టమర్నటే?"

ఆ చెంపా ఈ చెంపా వాయించినా అంత నొప్పి పుట్టేది కాదు. ఇంతసేపూ అత్త మీద, నాన్న మీద, మూడు వందల చొక్కాల మీద చల్లుకుంటూ వచ్చిన కోపమంతా ఎవరికి చెందాలో వాళ్ళ దగ్గరికే వచ్చింది. ఏడవలేదు. ఏడిస్తే ఆవిడ నన్ను ఓదార్చడం మొదలుపెడుతుంది, ఆ సుఖం నాకు దక్కకూడదు.

"చూపించు" అన్నాను.

"ఇప్పుడెందుకు, డాక్టరమ్మ చూసింది కదా."

"డాక్టరమ్మ చూడటం వేరు. నేను చూడాలి. చూపించు అత్తా."

అత్త గుండీలు తీసింది. నేను కుట్టిన జాకెట్టే. రెండు పొరలూ పక్కకు తీసింది. దారం బిగించి లాగేస్తే గుడ్డ మడతలు పడినట్టు చర్మం ఒకచోట ముడుచుకుపోయి ఉంది. చనుమొన లోపలికి పోయింది. చుట్టూ ఎర్రగా ఉంది. తల తిప్పుకోకుండా చూశాను. చెయ్యి వేసి చూశాను. ఆ గట్టిదనం నా వేళ్ళకు పాతదే.

"నొప్పిగా ఉందా?" అని అడిగాను.

"రాత్రిళ్ళు ఆ పక్కకి తిరిగి పడుకోలేను."

"ఎప్పట్నుంచి?"

"చాలా రోజులైంది. భయమేస్తుందే. ఇన్నేళ్ళు కత్తెర పట్టుకు బతికినదాన్ని, అదే నా మీదకి వస్తుందంటే కాళ్ళు చల్లబడుతున్నాయి. చొక్కాలున్నాయి చొక్కాలున్నాయి అనుకుంటే ధైర్యంగా ఉంటోంది. అంతకుమించి ఆ చొక్కాలతో నాకేం పని?"

ఒక్కొక్కటే అడిగాను. చెయ్యి ఎత్తితే లాగుతోందా, తినబుద్ధి అవుతోందా, మొదట ఎప్పుడు చూసుకున్నావు, అప్పుడేమనుకున్నావు. అన్నిటికీ చెప్పింది. అడగ్గానే చెప్పింది. ఒక్కదానికి కూడా ఆలోచించుకోలేదు.

గుండీలు నేనే పెట్టాను. తెర తీయబోతుంటే అత్త నా మణికట్టు పట్టుకుంది.

"బుధవారం ఎన్నింటికి వెళ్ళాలి?"

"పొద్దున ఏడింటికి. ఏమీ తినకుండా."

"లోపలిదాకా నువ్వు కూడా రా."

"ఆపరేషన్ గదిలోకి మమ్మల్ని రానివ్వరు అత్తా."

"అడిగావా?" అంది అత్త, నా మణికట్టు వదలకుండా. "ఈసారన్నా నోరు తెరిచి అడుగు."