బుడుంగు ఊపిరి

బుడుంగు అనే బాతుపిల్ల బొమ్మల సీరియలు మొదటిసారి టీవీలో వచ్చినప్పుడు చూసిన నాథుడు లేడు. పిల్లలంతా బళ్ళో ఉండే మధ్యాహ్నం పూట వేశారు దాన్ని. ఇళ్ళల్లో మిగిలిన పెద్దవాళ్ళు అది రాగానే టీవీ కట్టేసి కునుకు తీసేవాళ్ళు. ఏడాది తిరక్కుండానే ఆపేశారు. ఆ బాతుపిల్లకి గొంతిచ్చిన డబ్బింగు ఆర్టిస్టుకి ఆపేసిన సంగతి కూడా ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినే స్థితిలో లేదావిడ అప్పుడు.

పాతికేళ్ళ పైచిలుకు ఏ గోదాములోనో మగ్గిన ఆ బొమ్మల్ని ఎవడో పనిలేనివాడు దుమ్ము దులిపి ఇంటర్నెట్లో పెట్టాడు. ఇహ చూసుకోండి. టిఫిను డబ్బాల మీద బుడుంగు, బిస్కెట్ పొట్లాల మీద బుడుంగు, పెళ్ళికాని కుర్రాళ్ళ చొక్కాల మీద బుడుంగు. అది వచ్చే రోజుల్లో పుట్టను కూడా పుట్టనివాళ్ళు "అబ్బ, మా చిన్నప్పటి బుడుంగు" అని కళ్ళొత్తుకోవడం మొదలుపెట్టారు. బతికున్నప్పుడు పలకరించనివాళ్ళు పోయాక పొగడ్డం మనుషుల విషయంలోనే అనుకుంటాం గానీ, బొమ్మలకీ అదే గతి.

అన్నిటికంటే జనానికి నచ్చింది బుడుంగు ఊపిరి. అది ఏ మాటా ఒక్క గుక్కలో అనదు. మధ్యలో ఆగి, "హఁ" అని గాలి లోపలికి లాక్కుని, అప్పుడు మిగతాది అంటుంది. "అమ్మా, నేను ఇవాళ... హఁ... ఈదేస్తా." ఫోన్లలో అదే రింగుటోను. కండక్టరు "కాస్త ముందుకి... హఁ... జరగండి" అంటే బస్సంతా ఘొల్లుమనేది. పిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు, ఏ ఇంట్లో చూసినా హఁ, హఁ. బాతు బామ్మ అని అందరూ ముద్దుగా పిలుస్తున్న ఆ డబ్బింగు ఆవిడ మాత్రం బస్సులెక్కడం మానేసింది.

ఎందుకంటే ఆ ఊపిరి ఆవిడ కల్పించింది కాదు, కొడుకుది. నాలుగేళ్ళవాడు మెట్లెక్కి వచ్చి "అమ్మా, నాకు... హఁ... ఆకలేస్తోంది" అనేవాడు. ఇంకో తల్లయితే ఏమిట్రా ఈ ఆయాసం అని చంకనేసుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తేదేమో. ఈవిడకి అది ముద్దొచ్చింది. పొద్దస్తమానం గొంతులతోనే పని, ఏ గొంతు విన్నా ఎక్కడ వాడుకోవచ్చునా అనే ధ్యాస. మర్నాడు మైకు ముందు బాతుపిల్ల చేత అలాగే అనిపించింది. స్టూడియోలో అందరూ పడీ పడీ నవ్వారు. డైరెక్టరు ఇకనుంచి ప్రతి డైలాగులోనూ అలా ఉండాల్సిందే అన్నాడు. పిల్లాడి గుండెలో చిల్లు ఉందని తెలిసేసరికి పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగిపోయాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నారు మొగుడూ పెళ్ళాలు. వాడు దక్కలేదు.

ఆ తర్వాత ఆవిడ బొమ్మలకి గొంతివ్వలేదు. బ్యాంకులకీ టెలిఫోను కంపెనీలకీ "ఒకటి నొక్కండి, రెండు నొక్కండి" అని చెప్పే పని చూసుకుంది. అందులో ఊపిరి బయటికి వినపడకూడదు. అది ఆవిడకి హాయిగానే ఉండేది.

ఇప్పుడు బుడుంగు హక్కులు కొనుక్కున్న కంపెనీ కొత్త భాగాలు తీస్తానంటోంది. కొత్త గొంతు కోసం పిల్లలకి పోటీ పెట్టి, ఆవిడని జడ్జిగా రమ్మంది.

"వెళ్ళకు. వాణ్ణి ఒకసారి అమ్ముకున్నది చాలు," అన్నాడు భర్త. అనేసి, అన్నందుకు నాలిక కరుచుకుని, పొద్దుటి పేపరు మళ్ళీ మొదట్నించీ చదవడం మొదలుపెట్టాడు.

అయినా వెళ్ళింది. పేరు కోసమో శాలువా కోసమో కాదు. కొడుకు గొంతు ఎలా ఉండేదో ఆవిడ మరిచిపోయింది. రోజంతా రికార్డింగు యంత్రాల మధ్య గడిపిన మనిషి, సొంత బిడ్డ మాట ఒక్కటి రికార్డు చేసుకోలేదు. ఇంతమంది పిల్లలొస్తారు కదా, ఒక్కరిలోనైనా వాడు వినపడకపోతాడా అని ఆశ. ఆ మాట పైకంటే పిచ్చిదనుకుంటారని ఎవరితోనూ అనలేదు.

స్టూడియో హాల్లో పిల్లలూ, పిల్లల కంటే ఎక్కువ కంగారుపడుతున్న తల్లిదండ్రులూ కిటకిటలాడుతున్నారు. ఒక్కొక్కరే మైకు ముందుకొచ్చి బుడుంగు డైలాగు చెప్పి వెళ్తున్నారు. ఒక పిల్లాడు కామా ఉన్నచోటల్లా హఁ అన్నాడు. ఇంకో అమ్మాయి ఎంత గట్టిగా గాలి పీల్చిందంటే, పొలమారి దగ్గుతూ వెళ్ళిపోయింది. ప్రోగ్రాం మేనేజరు ప్రతివాళ్ళకీ "సూపర్, సూపర్" అంటున్నాడు. ఆయన నోటికి ఇంకో మాట రాదు. ఆవిడకి ఎవరిలోనూ ఏమీ వినపడలేదు. అనవసరంగా వచ్చానే అనుకుంది.

అప్పుడు ఆరేళ్ళుంటాయేమో, ఓ బక్కపిల్ల వచ్చింది. తండ్రి ఎత్తుకుని తెచ్చి మైకు ముందు దింపి వెళ్ళాడు.

"అమ్మా, నేను ఇవా... హఁ... ళ ఈదేస్తా. ఒడ్డు దాకా... హఁ... వెళ్ళి వచ్చేస్తా."

మాట సగంలో విరిగింది. నటించే పిల్ల మాటకీ మాటకీ మధ్య ఆగుతుందిగానీ మాటని రెండు ముక్కలు చెయ్యదు. బామ్మ మార్కుల కాగితం పక్కన పెట్టేసింది. వాడే. గొంతు కాదు, గొంతు వేరే. ఆ గాలి కోసం వెతుక్కోవడం వాడిది. ఇన్నేళ్ళుగా దేనికోసం చెవులు రిక్కించిందో అది వినపడింది, వినపడగానే భయమేసింది.

"తల్లీ, ఇప్పుడు బుడుంగులా కాకుండా చెప్పు. నువ్వు ఇంట్లో మాట్లాడేలాగ."

పిల్ల తలూపింది. "అమ్మా, నేను ఇవాళ ఈ... హఁ... దే..." మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ అక్కడే ఆగింది. మూడోసారికి భుజాలు ఎగరేస్తూ గాలి లాక్కుంటోంది.

మేనేజరు చప్పట్లు కొట్టాడు. "చూశారా మేడం, పాత్రలోంచి బయటికే రాలేకపోతోంది! సూపర్! ఇంక వేరే వాళ్ళెందుకు? మీరు ఊఁ అంటే ఫిక్స్ చేసేద్దాం." హాలంతా చప్పట్లు కొట్టింది. చప్పట్లు కొట్టనిది ఇద్దరే, బామ్మా, గోడ వారగా నిలబడ్డ ఆ పిల్ల తండ్రీ.

ఆవిడ లేచి వెళ్ళి పిల్ల చెయ్యి పట్టుకు చూసింది. గోళ్ళు నీలంగా ఉన్నాయి.

తండ్రిని వరండాలోకి పిలిచింది. లిఫ్టు మెకానిక్కట. మోచేతి దాకా గ్రీజు మరకలు, రుద్ది రుద్ది కడిగినా పోనివి.

"బాబూ, పాపకి ఒంట్లో బాగాలేదు. గుండె చూపించండి. ఇవాళే తీసుకెళ్ళండి."

అతను ఉలిక్కిపడతాడనుకుంది. పడలేదు. "చూపించామమ్మా," అన్నాడు నేల చూస్తూ. "ముందే తెస్తే కోసి బాగుచేసేవాళ్ళట. ఇప్పుడు ఊపిరితిత్తులు కూడా పాడైపోయాయట. కోస్తే బల్ల మీదే పోతుంది, కోయకపోతే ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు అన్నారు."

"మరి ముందే ఎందుకు..." అనబోయి ఆగిపోయింది. ఆ ప్రశ్న అడిగే హక్కు లోకంలో ఎవరికున్నా తనకి లేదు.

"ఏం చెప్పమంటారు! ఎదురింటి పిల్లలు అలాగే మాట్లాడేవాళ్ళు, బళ్ళో పిల్లలంతా అలాగే మాట్లాడేవాళ్ళు. మాదీ బుడుంగులా చేస్తోందనుకున్నాం. అందరికంటే బాగా చేస్తోందని మురిసిపోయాం. చుట్టాలొస్తే 'ఏదమ్మా, బుడుంగులా మాట్లాడు' అని నేనే చేయించేవాణ్ణి. నేనే, నా చేతులతో, వీడియోలు తీసి అందరికీ పంపించేవాణ్ణి."

ఆవిడకి కొడుకుని పోగొట్టుకున్న నొప్పి తెలిసిన నొప్పే, ఇన్నేళ్ళుగా కలిసి కాపురం చేసింది దానితో. ఇది వేరు. తను ముద్దుచేసిన ఆ ఊపిరి ఎవరింటికో పోయి, ఎవరి కళ్ళకో గంతలు కట్టింది. ఈ మనిషి తనని చెంపదెబ్బ కొడితే బాగుండును అనిపించింది. అందుకే ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆ ఊపిరి మా వాడిది, వాడికీ ఇదే జబ్బు, నాకూ తెలీలేదు, నేనే దాన్ని బాతుపిల్లకి తగిలించాను అని.

అతను కొట్టలేదు, తిట్టలేదు.

"అంటే, ఇన్నేళ్ళయినా మీ బాబు వినపడుతున్నాడన్నమాట," అన్నాడు.

అతను తలుపు సందులోంచి కూతుర్ని చూశాడు.

"అయితే మా పాపని తీసుకోండమ్మా. మీరు ఊఁ అంటే చాలని లోపల అన్నారుగా. వాళ్ళమ్మకి చెప్పకుండా తెచ్చాను, తెలిస్తే చంపేస్తుంది. అది పోయాక మాకేం మిగుల్తుంది చెప్పండి? మీ బాబులాగ దీన్ని కూడా ఉండిపోనివ్వండి." రెండు చేతులూ జోడించాడు.

"మా వాడు అందులో లేడు బాబూ. ఎవరో రాసిన డైలాగులు నేను చదివాను. వాడి ఆయాసం ఒక్కటే ఉంది. వాడి గొంతు తలుచుకుందామని కళ్ళు మూసుకుంటే బాతుపిల్ల పలుకుతుంది నాకు."

"ఆయాసమైనా సరే," అన్నాడతను.

ఆవిడ లోపలికి వెళ్ళింది.

మేనేజరుని పక్కకి పిలిచి విషయం చెప్పింది. ఆయన అయ్యో అన్నాడు, పాపం అన్నాడు, వేళ్ళతో ఏదో లెక్కవేసుకుని, "అయితే ఆలస్యం చెయ్యకూడదు మేడం, డైలాగులన్నీ ఈ నెల్లోనే లాగించేద్దాం," అన్నాడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట వెనకటికి ఒకడు. వాడే నయం, చుట్ట కాల్చుకుని పోయాడు.

"ఆ పిల్ల మీ మైకు ముందుకి రాదు," అంది బామ్మ. "ఇంకోటి కూడా విను. ఆ ఊపిరి ఏమిటో నేను రేపు బయట చెప్తున్నాను. పేపరు వాళ్ళకి చెప్తాను, ఫోన్లో మొహం పెట్టి వీడియో తీసి చెప్తాను. ఇంకా ఎన్ని ఇళ్ళల్లో జబ్బు పిల్లల్ని చూసి నవ్వుకుంటూ కూర్చున్నారో ఎవరికి తెలుసు."

మేనేజరు గొంతు తగ్గించాడు. "మేడం, అలా చెప్తే ఇంకెవరైనా బుడుంగు చూస్తారా? మీ పేరు, మీ గొంతు, అన్నీ పోతాయి. మళ్ళీ గోదాములో పడేస్తారు."

"పడెయ్యనీ. ఒకసారి పడేశారుగా."

అనడం అయితే అంది గానీ, దాంతో పోయేదేమిటో అప్పుడు తట్టింది. వీధుల్లో ఆ హఁ ఆగిపోతుంది. కండక్టర్లు మామూలుగా మాట్లాడతారు. కొడుకుది ఈ లోకంలో మిగిలిన ఒకే ఒక్క గుక్క, అదీ పోతుంది. ఇంటికెళ్ళి భర్తకి ఎలా చెప్పాలో తోచలేదు. బాత్రూములోకి పోయి, తలుపేసుకుని, కుళాయి విప్పి, కాసేపు ఏడ్చి వచ్చింది.

వచ్చేసరికి లిఫ్టు మెకానిక్కు కూతుర్ని భుజాన వేసుకుని బయల్దేరుతున్నాడు. పాపని తీసుకోవద్దందన్న సంగతి ఎవరో చెప్పేసినట్టున్నారు, ఆవిడ వైపు చూడలేదు.

"మీ ఫోన్లో పాప మాటలున్నాయా?" అని అడిగింది వెనకనుంచి.

"బోలెడు," అన్నాడు విసురుగా. నాలుగడుగులు వేశాడు. ఆగాడు. "అన్నీ బుడుంగు డైలాగులే," అన్నాడు, అప్పుడే తెలిసినవాడిలాగ.

రికార్డింగు గదిలో సౌండు ఇంజినీరు ఖాళీగా కూర్చుని వేరుశనగలు తింటున్నాడు. "ఒక్క పది నిమిషాలు మైకు పెట్టు నాయనా, ఎందుకని అడక్కు," అంది. అతను అడగలేదు. బామ్మ పిల్లని లోపల ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టింది. తండ్రి అద్దం అవతల, ఇంజినీరు పక్కన నిలబడ్డాడు. ఎర్రదీపం వెలిగింది.

"అమ్మా, నేను ఇవాళ... హఁ..."

"బుడుంగు వద్దు తల్లీ. నీ మాటలు చెప్పు. ఏదైనా సరే. తొందర లేదు, మధ్యలో ఎంతసేపు ఆగినా ఫరవాలేదు."

పిల్ల దిక్కులు చూసింది. ఇన్నాళ్ళూ అందరూ బుడుంగునే అడిగారు. తర్వాత నెమ్మదిగా మొదలుపెట్టింది. మా అమ్మ జడ గట్టిగా లాగి వేస్తుంది. నాన్న లిఫ్టులో నన్ను పైదాకా తీసుకెళ్ళాడు, కడుపులో గిలిగింతలు పెట్టింది. ఎదురింటి వాడు నా పెన్సిలు తీసుకుని ఇవ్వలేదు, వాడితో కచ్చి. మధ్య మధ్య ఆగుతోంది, గాలి లాక్కుంటోంది, మళ్ళీ చెప్తోంది. ఎవరూ నవ్వడం లేదని దానికి ఆశ్చర్యంగా ఉన్నట్టుంది.

"బామ్మా, ఇది టీవీలో... హఁ... వస్తుందా?"

"రాదమ్మా. ఇది మీ నాన్నకి. ఇంట్లో పెట్టుకుని వింటాడు."

పిల్ల అద్దంలోంచి తండ్రిని చూసి చెయ్యి ఊపింది. తర్వాత బామ్మ వైపు తిరిగి నవ్వింది, పెద్దవాళ్ళకి ఏమీ తెలీదన్నట్టు.

"నాన్నకి ఇదెందు... హఁ... కు? నేను ఇంట్లోనే ఉంటాగా!"

అవతలి గదిలో స్పీకరు బాగా పెద్దగా పెట్టి ఉంది. తండ్రి అక్కడే నేల మీద కూలబడ్డాడు. ఇంజినీరు రికార్డింగు ఆపడానికి మీట మీద వేలు పెట్టి బామ్మ వైపు చూశాడు. ఆపొద్దని చెయ్యి ఊపి, ఆవిడ పిల్ల దగ్గరికి జరిగింది.

"ఉంటావులే తల్లీ. ఇంకా చెప్పు," అంది.