తుక్కులో పడ్డాక పట్టిన యోగం

నేను ఒక లేత్ యంత్రాన్నండీ. కంప్యూటరు చెప్పినట్టు వినే రకాన్ని. కొలతలు సరిగా చెప్పి కడ్డీ బిగిస్తే చాలు, వెంట్రుకవాసి తేడా లేకుండా చెక్కిపెడతాను. ఇది నా సొంత డబ్బా కాదు, బెంగళూరులో నన్ను తయారుచేసినవాళ్ల మాటే. అక్కడ ఓ పూట గిరగిరా తిప్పి, ఉక్కు కోయించి, శభాష్ అని లారీ ఎక్కించారు. పనిలోకి పోతున్నానని నా సంబరం నాది. లారీ గుంటూరు శివార్లలో ఓ కమ్యూనిటీ కాలేజీ ముందు ఆగింది.

దిగీ దిగగానే బొట్లు పెట్టారు. మెడ ఎక్కడుందో తెలియక మీటకు దండేశారు. నా ముందు కొట్టిన కొబ్బరికాయ నీళ్లు నా అద్దం మీదే చిందాయి. పెద్దలంతా నా పక్కన నిలబడి ఫొటోలు దిగారు, నా గొప్పతనం గురించి మధ్యాహ్న భోజనం దాకా మాట్లాడారు. జనం వెళ్లిపోయాక మా ఇన్‌స్ట్రక్టరు పానకాలరావు గారు దళసరి ప్లాస్టిక్ కవరొకటి తెచ్చి నామీద కప్పారు. ఆ కవరే నా కొంప ముంచింది.

పానకాలరావు గారు చెడ్డమనిషని అనను. నేనంటే ఆయనకు ప్రాణం. ప్రాణమంటే ఏమిటి, ఇంట్లో కొత్త సోఫా కొని పిల్లలను కింద కూర్చోబెట్టే తరహా ప్రాణం. పాఠమంతా బోర్డు మీదే. చక్ అంటే కడ్డీని పట్టుకునే పిడికిలి, టూలు అంటే కోసే మొన, మొన ఎక్కడి నుంచి బయలుదేరాలో ముందుగా చెప్పడమే సున్నా పెట్టడం అని బొమ్మలు గీసి మరీ చెప్పేవారు. చక్కగానే చెప్పేవారు. ఎవరైనా లేచి నావైపు రెండడుగులు వేస్తే మాత్రం, "అమ్మా, దూరం! ఇన్‌స్పెక్షన్ ఉంది, గీత పడితే నా ఉద్యోగం పోద్ది" అనేవారు. ఆ ఇన్‌స్పెక్షన్ ఏ రోజు వస్తుందో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

అప్పుడు పాఠానికొచ్చే జట్టులో సువార్త అనే ఆమె ఉండేది. కోల్డ్ స్టోరేజీలో మిరపకాయ తొడిమలు తీసే పని మానుకుని వచ్చింది. ఆ ఘాటుకు దగ్గు పట్టుకుంటే తెల్లవార్లూ నిద్రుండేది కాదట. కోర్సు ముగిశాక ఓ కంపెనీ వచ్చి మనుషులను ఎంచుకుంటుందని విని చేరింది. ఎంచుకోకపోతే మళ్లీ ఆ తొడిమలే, ఆ దగ్గే. అందుకని రోజూ సారు వెంటపడేది.

"సార్, ఒక్కసారి ముట్టుకోనీయండి. ఏంది సార్, బువ్వ బొమ్మ గీసి తినమన్నట్టుంది."

"సర్టిఫికెట్టులో ఫస్ట్ క్లాస్ వేస్తాగా తల్లీ, నీకెందుకంత కంగారు?" అనేవారు సారు.

కంపెనీ రానే వచ్చింది. భుజంగరావు అనే ఇంజనీరు దిగి, కాఫీ కూడా తాగకుండా నా దగ్గరకొచ్చారు. పానకాలరావు గారు గర్వంగా కవరు తీసి, "చూడండి సార్, ఎంత కొత్తగా ఉంచామో! ఇప్పటిదాకా ఒక్క స్టూడెంటు చెయ్యి పడలేదు" అన్నారు. అయ్యో రామా! పెళ్లిచూపుల్లో పిల్లను చూపిస్తున్నాననుకున్నారో ఏమో మహానుభావుడు.

సువార్తకు ఒళ్లు మండింది. "మమ్మల్నీ అట్లాగే ఉంచారు సార్, పని తగలనీయకుండా" అంది.

భుజంగరావు గారు నవ్వలేదు. జేబులోంచి ఓ డ్రాయింగు తీసి, "అయితే ఇప్పుడు తగలనీయమ్మా, ఈ ముక్క చెయ్యి" అన్నారు.

ఆమె వేళ్లు నా మీటల మీద పడ్డాయి. లోపల పండగే చేసుకున్నాను, అబద్ధమెందుకు? కడ్డీ బిగించింది, అంకెలు నొక్కింది, పచ్చమీట నొక్కింది. సున్నా తప్పు పెట్టింది పాపం. చెప్పినట్టు వినడమే నాకు తెలుసు గనక విన్నాను. టూలు పోయి చక్‌ను ఢీకొట్టింది. షెడ్డంతా దద్దరిల్లింది, మొన తునకలైంది, టూళ్లు పట్టుకునే నా తల పక్కకు ఒరిగింది. పానకాలరావు గారు నెత్తిన చేతులు పెట్టుకుని కూలబడ్డారు.

"పెద్ద రోగమేం కాదు, తల సరిచేస్తే మళ్లీ తిరుగుద్ది" అన్నారు భుజంగరావు గారు. సువార్త వైపు తిరిగి, "ఆరు నెలలకు మళ్లీ వస్తాం. ఈలోపు తట్టెడు ముక్కలు పాడుచేసి రామ్మా" అని కారెక్కారు. ఎవరికీ ఉద్యోగం రాలేదు.

నన్ను బాగుచేయిస్తే ఎలా పాడయ్యానో పైవాళ్లకు చెప్పుకోవాలి. తుక్కు అనేస్తే ఒక్క సంతకంతో పోతుంది. పానకాలరావు గారు రెండోదే ఎంచుకున్నారు. నన్ను ఈడ్చుకెళ్లి వెనక పాత వెల్డింగు షెడ్డులో విరిగిన బల్లల పక్కన పడేశారు. కవరు మాత్రం మడతపెట్టి బీరువాలో దాచుకున్నారు.

మర్నాడే సువార్త ఆయన ముందు నిలబడింది.

"సార్, పారేసిన దాన్ని ముట్టుకోవచ్చా?"

"తుక్కును నువ్వేం చేసుకుంటే నాకేంటమ్మా!" అన్నారాయన విసుగ్గా.

ఇక చూడండి నా వైభోగం! ఆమెకు వరసకు బాబాయయ్యే మెకానిక్కొకాయన ఆటోనగర్ నుంచి వచ్చి నా తల నిలబెట్టాడు. కరెంటు ఆ షెడ్డులో ముందే ఉంది. జట్టంతా నామీద పడింది. తప్పు అంకెలు కొట్టారు, మొనలు విరిచారు, ముక్కలు కుప్పలుగా పాడుచేశారు. నన్నూ తిట్టారు, పాడు సంత అని. హాయిగా ఉండేది. బోర్డు మీద నేర్చినదంతా అప్పుడు వాళ్ల చేతుల్లోకి దిగింది. పారేస్తేగానీ చదువు చెప్పే యోగం పట్టని యంత్రాన్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

ఆరు నెలలకు భుజంగరావు గారు వచ్చారు. ఈసారి సువార్త చేతిలో ముక్క ఆయన కొలిచి, మళ్లీ కొలిచి, జేబులో వేసుకున్నారు. ఉద్యోగం కాగితం అక్కడే ఇచ్చారు.

ఈలోగా ముందు హాల్లోకి నా చెల్లెలు వచ్చింది, సరికొత్తది. దాని మీద నా కవరే. దాని వెనక ఇంత పొడుగు ఫ్లెక్సీ: 'ఈ యంత్రంపై శిక్షణ పొంది కొలువు సాధించిన సువార్త'. ఫొటోకని పానకాలరావు గారు షెడ్డు దాకా వచ్చి పిలిచారు.

"నేను నేర్చుకుంది దీనిమీద గదా సార్, ఇక్కడే తీయండి" అందామె.

"తుక్కు పక్కన ఏం బాగుంటుందమ్మా?"

"అయితే నేను రాను సార్."

ఫొటో మాత్రం ఆగలేదు. ఫ్లెక్సీ ముందు సారొక్కరే నిలబడి నవ్వారట. ఆ సమయానికి సువార్త నా దగ్గరే ఉంది. కొత్త జట్టులో నాగేంద్రం అనే అమ్మాయి పచ్చమీట మీద వేలు పెట్టి నొక్కలేక తటపటాయిస్తుంటే, ఆ వేలి మీద తన వేలు ఆనించి చెబుతోంది:

"నొక్కవే. పాడైతే పాడవనీ, ఇంకో ముక్క బిగిద్దాం."