ఆవలిగట్టు వంత

గ్రీష్మాంత సాయంసమయము. పగలెల్ల నిప్పులు చెరిగిన భానుబింబము పాపికొండల కొమ్ముల నడుమ చల్లారుచున్న కొలిమివలె ఎర్రబారియుండ, వానకారున గట్టులనొరసికొని గర్జించు గోదావరి బక్కచిక్కి రాతిగుండ్ల సందున ఒదిగియొదిగి పారుచుండ, తునికాకుల వాసనను తడియిసుక వాసనను కలిపి మోసికొనివచ్చు పైరగాలి ఇసుకతిన్నె మీది వెదురుకుటీరముల తడికలను మెల్లమెల్లగా తట్టుచుండెను.

ఆ కుటీరములు భూషణరావను నగరవాసి నెలకొల్పిన వేసవి విడిది. సెల్లుఫోనులు మూగవోవు ఆ నిర్జనప్రదేశమునకు వచ్చు పట్టణపు కొలువుకాండ్రు ఉదయమున తెడ్లుపట్టి పడవలు నడపుచు, మధ్యాహ్నమున మోకాలిలోతు నీట దున్నపోతులవలె పొరలుచు, ఎండ తగ్గినపిదప ఇసుకపై బంతులాడి, పొద్దువాలగానే ఒడ్డున బారులుతీరి ఆవలిగట్టు కొండను కేకవేయుదురు. కొండ బదులుపలుకును. భూషణరావు ఊరూర ప్రకటించిన ‘మాటాడు కొండ’ యిదియే. నిజమునకు ఆ కొండకు పలుకు లేదు. ప్రకటన అచ్చయిన పిమ్మటగాని ఆ సంగతి యాయనకు తెలియలేదు. తెలిసిన పిమ్మట కొండను మార్చుటకంటె మనిషిని తెచ్చుట సులభమని తలచెను.

ఆ మనిషి దాలయ్య. మీసములు మొలిచిననాటినుండి తల నెరయువరకు నూకరాజను బుర్రకథకుని ప్రక్కన గుమ్మెట వాయించుచు వంతపాడినవాడు. ఒకరు పలికినదానికి బదులిచ్చుటయే గాని తనంత తానొక మాట యెత్తుకొని యెరుగడు. నూకరాజు కాలధర్మము నొందగా తలుపు ఊడిపోయిన గడియవలె మిగిలిపోయెను. “పొయ్యి వెలిగించొద్దు, పొగ కనబడుతుంది. ఇటు రావద్దు. విన్న మాటే తప్ప సొంత మాటొక్కటి పలికావో, అదే నీకు ఆఖరి రోజు” అని భూషణరావు కట్టడిచేసి యాతని నా కొండమీది యొక రాతిసందున కూర్చుండబెట్టెను. ఒకడు పెండ్లాము పేరు పిలుచును, ఒకడు పైయధికారిని తిట్టును. ప్రేమను తిట్టును సమానముగా తిరిగి యప్పగించి, దాలయ్య మిగిలిన ప్రొద్దంతయు తొండలను చూచుచు కూర్చుండును. తన పేరు తన చెవినపడి యెంతకాలమైనదో యాతడే యెరుగడు.

విడిదిలో వంటచేయు సూరాయమ్మ యాతనికి పూటపూటకు పడవమీద క్యారేజీ పంపుచుండెను. పడవవానివలన పేరు వినినదే గాని మనిషిని చూచియెరుగదు. కాకరకాయ కూర మిగుల్చుననియు, ఆవకాయ ఎంత పెట్టినను చాలదనియు తిరిగివచ్చిన గిన్నెలవలననే తెలిసికొనెను. నిన్న పడవల పందెములు మొదలుకాగా పడవలన్నియు అతిథుల పాలయ్యెను. క్యారేజీ వంటపాకలోనే నిలిచిపోయెను.

“బాబూ, ఆ కొండకాడాయనకి కూడు పోలేదండి. ఒక్క పడవిప్పించండి.”

“అందరూ చూస్తుండగా ఎలా పంపుతాను? చీకటి పడనీ.”

“నిన్నా అదే అన్నారు కదండీ! చీకటడింది, తెల్లారింది కూడానండి.”

భూషణరావు విననట్లు ఒడ్డునకు నడచెను.

అచ్చట అప్పటికే ఒక స్థూలకాయుడు గొంతెత్తెను. “ఒరేయ్ కొండా! మా మేనేజరొట్టి ఎద్దు!”

“ఎద్దు…” అని కొండ మూలిగెను.

“దీనికి ఛార్జింగు అయిపోయిందిరోయ్!” అని యొకడనగా అందరును పకపక నవ్విరి.

సూరాయమ్మ నవ్వలేదు. చేతులు కొంగున తుడుచుకొని గుంపును చీల్చుకొని నీటియంచున నిలిచి, “దాలయ్యన్నా! తిన్నావా?” అని కేకవేసెను.

భూషణరావు ముఖము వెలవెలబోయెను. ఆవలిగట్టున దాలయ్య ఉలికిపడి లేచెను. వినిన మాట తిప్పి పలికినచో ఈ రాతిసందైనను దక్కును. బదులు చెప్పినచో అదియు పోవును. బ్రతుకెల్ల అలవడిన గొంతు తనంతనే కదలెను.

“తిన్నావా…” అనెను కొండ.

చప్పట్లు మ్రోగెను. సూరాయమ్మకు కోపము వచ్చెను.

“నన్నడగమన్లేదయ్యా! నువ్వు తిన్నావా అంటన్నాను!”



“లేదమ్మా,” అనెను కొండ చాలసేపటికి. “నిన్నట్నించీ లేదు.”

నవ్వినవారి నోళ్లు నవ్విన తీరుననే నిలిచిపోయెను. సూరాయమ్మ క్యారేజీ తెచ్చుకొని యెవ్వరి సెలవును కోరక పడవనెక్కెను. స్థూలకాయుడు తలవంచుకొని వచ్చి తెడ్డుపట్టెను. భూషణరావు అంతమంది యెదుట వారి నాపుటకు సాహసింపడయ్యెను.

పడవ నడియేటికి చేరుసరికి కొండమీదినుండి, ఎవరును పిలువకయే, ఎవరి మాటయు కాని మాటయొకటి సంకోచించుచు వచ్చెను.

“మరి నువ్వు తిన్నావా, చెల్లెమ్మా?”

వేసవియెల్ల ఇన్ని నోళ్లకు వండివార్చిన సూరాయమ్మను ఆ మాట అడిగినవారు లేరు. ఆమె క్యారేజీని ఒడిలో రెండుచేతుల బిగియబట్టుకొని, చీకటిపడుచున్న నీటి నడుమ ఆ పలుకు వచ్చిన వైపే చూచుచు కూర్చుండెను.