ఒకటా, రెండా?

కళ్ళజోళ్ళ షాపాయన అసలు పేరు బోర్డు మీద ఉంది కానీ, వీధి మొత్తం ఆయన్ని 'చూద్దాం' అనే పిలుస్తుంది. టీ తాగుదామా అంటే చూద్దాం. వానొచ్చేలా ఉంది, గొడుగు ఇమ్మంటారా అంటే చూద్దాం. తడిసి ముద్దై ఇంటికి చేరాక మాత్రం, గొడుగు తీసుకుని ఉండాల్సిందని గట్టిగా తేల్చుకుంటాడు. షాపు గోడ మీద ఏ రంగు బాగుంటుందో చూద్దామని వేయించిన రెండు మచ్చలు మూడేళ్ళుగా అలాగే ఉన్నాయి.

విచిత్రమేమిటంటే, పొద్దస్తమానం ఆయన చేసే పని ఎదుటివాళ్ళ చేత తేల్చి చెప్పించడమే. ముక్కు మీద బరువైన టెస్ట్ ఫ్రేమ్ పెట్టి, అద్దాలు మార్చి మార్చి, "ఒకటి బాగుందా, రెండు బాగుందా?" అని అడుగుతాడు. ఎవరైనా నసిగితే కసురుకుంటాడు కూడా. "ఆలోచించకండి. ఆలోచించేకొద్దీ కళ్ళు అబద్ధం చెప్తాయి. మొదట ఏదనిపిస్తే అదే." ఇంత జ్ఞానం ఉన్న మనిషి, తన దగ్గరికొచ్చేసరికి గోడ మీద పిల్లి.

పక్కనే మందుల షాపు. ఆ షాపావిడకీ ఈయనకీ రెండేళ్ళ క్రితమే మనసులు కలిశాయి. పెళ్ళి మాట ఎత్తింది ఆవిడే. ఈయన ఎత్తేదాకా ఆగితే తల నెరుస్తుందని ఆవిడకి తెలుసు. దానికి ఈయన ఏమన్నాడో వేరే చెప్పాలా? ఆర్నెల్లు గడిచాయి. పోయిన సోమవారం ఆవిడ గుమ్మంలోనే నిలబడి చెప్పింది.

"మా పిన్ని ఒక సంబంధం తెచ్చింది. శనివారం సాయంత్రం ఆరింటికి వాళ్ళకి జవాబు చెప్పాలి. ఆలోపు మీ మాటేంటో చెప్పండి."

ఆ రోజు నుంచీ ఆయన మీనమేషాలు లెక్కపెడుతూ కూర్చున్నాడు. ఆవిడంటే ఇష్టం లేకనా? ఆవిడ షాపు తెరవని రోజున ఈయనకి తలనొప్పి పట్టుకుంటుంది. భయమల్లా, తనలాంటి నాన్చుడుగాడితో ఆవిడ బతుకేమైపోతుందోనని. శుక్రవారం అక్కకి ఫోన్ చేశాడు.

"ఒరేయ్, నువ్వు పుట్టడానికే పది రోజులు ఆలస్యం చేశావు. ఆలస్యం అమృతం విషంరా! వెళ్ళి సరేనని చెప్పెయ్. ఇంక ఫోన్ పెట్టెయ్," అంది అక్క.

పెట్టెయ్యాలా, ఇంకాసేపు మాట్లాడాలా అని ఈయన తేల్చుకునేలోపు అక్కే పెట్టేసింది.

శనివారం ఐదున్నర. కళ్ళు చూపించుకోవడానికొచ్చిన పెద్దాయన ఒకరు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. మందుల షాపావిడ సరాసరి లోపలికొచ్చింది. "కుర్చీలో కూర్చోండి. ఇవాళ పరీక్ష మీకు," అని కళ్ళజోళ్ళ షాపాయన్ని కూర్చోబెట్టి, అద్దాల్లేని ఖాళీ ఫ్రేమ్ ఆయన ముక్కు మీద పెట్టింది. వెళ్ళి అక్షరాల బోర్డు పక్కన నిలబడింది.

"ఇది ఒకటి."

తర్వాత బయటికెళ్ళి తలుపు లాగేసింది.

"ఇది రెండు. ఏది బాగుంది?"

ఆయన చూశాడు. బోర్డు మీద కింది వరస దాకా అక్షరాలన్నీ చక్కగా కనిపిస్తున్నాయి. పక్కన ఆవిడ లేదు. ఆ ఖాళీని మాత్రం చూడలేకపోయాడు. అయినా పాడు అలవాటు, నోరు "చూ..." అంది.

"ఆలోచించకయ్యా!" పెద్దాయన బెంచీ మీంచి లేచి నిలబడ్డారు. "పోయినసారి నన్ను ఎలా కసిరావు?"

"ఒకటి!" అన్నాడు ఆయన.

"వినపడలేదు," అంది తలుపు వెనక గొంతు.

"ఒకటే బాగుంది! రెండు అస్సలు బాగాలేదు. నా వల్ల కాదు!"

తలుపు తెరుచుకుంది. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి, గొంతు మాత్రం మందుల చీటీ చదువుతున్నట్టే ఉంది.

"అయితే పిన్నికి ఇప్పుడే చెప్పేస్తాను. పెళ్ళి వచ్చే నెల పన్నెండున పెట్టుకుందామా, లేకపోతే..."

"పన్నెండు," అన్నాడు ఆయన, రెండో తేదీ చెప్పనివ్వకుండా.