గోడ అవతలి బండి

కార్ల ఫ్యాక్టరీలో సీట్లు బిగించే ఆయన మధ్యాహ్నం గంట కొట్టగానే క్యారేజీ పట్టుకుని గేటు బయటికి వెళ్ళిపోతాడు. మిగతావాళ్ళంతా లోపల పొడుగు బల్లల దగ్గర కూర్చుని తింటారు. ఆయనలా విదేశీ బండి కొన్నవాడు దాన్ని గోడ అవతలే ఆపుకోవాలి. అది కంపెనీ పెట్టిన నియమం కాదు, పనివాళ్ళు పెట్టుకున్నది. తిండి కూడా బయటే తినమని ఎవరూ అనలేదు. కానీ ఆయన బల్ల దగ్గరికి వెళ్తే మాటలు ఆగిపోయేవి. తనే తప్పుకున్నాడు.

ఆ బండి భార్య కోసం కొన్నది. ఆవిడకి తుంటి అరిగిపోయి కాలు మడత పడేది కాదు. ఇక్కడి బళ్ళలో ఎక్కించబోతే తలుపు దగ్గరే ఇద్దరికీ కళ్ళనీళ్ళు తిరిగేవి. ఈ బండిలో సీటే బయటికి తిరిగి, కిందికి దిగి, ఆవిడ కూర్చున్నాక మెల్లగా లోపలికి తీసుకునేది.

"ఏవండీ, మీరు బిగించే సీట్ల కంటే దీనికే మర్యాద తెలుసు" అని నవ్వింది మొదటి రోజున.

ఆ ఏడాదే అమ్మకాలు పడిపోయి రెండో షిఫ్టు ఎత్తేశారు. ఎందరో ఇళ్ళకు పోయారు. తన ఒక్క బండి వల్ల షిఫ్టు పోతుందా అనుకునేవాడు. కొన్న ప్రతివాడూ అలాగే అనుకుని ఉంటాడని కూడా అనిపించేది. రోజూ పొద్దున్నే, "స్వామీ, ఫ్యాక్టరీని చల్లగా చూడు" అని దణ్ణం పెట్టుకుని, ఆ బండే ఎక్కేవాడు. దేవుడు తన దణ్ణం చూస్తాడో, బండి చూస్తాడో తెలియదు.

భార్య పోయాక చలికాలం గడిచింది. ఒక సెలవునాడు ఆవిడ అన్న వచ్చాడు. ఫ్యాక్టరీలో ఫోర్‌మన్ ఆయనే. బండి కొన్ననాటి నుంచి ఈ గడప తొక్కలేదు. చెల్లెల్ని చూడాలంటే ఆసుపత్రికే వెళ్ళేవాడు.

"ఇంకా ఎన్నాళ్ళు బావా, గోడవతల ఒంటికాయ శొంఠికొమ్ములా? చెల్లాయి ఉన్నన్నాళ్ళూ నేను నోరెత్తలేదు."

"ఎత్తితే బాగుండేది బావా. తిట్టడానికైనా పలకరించేవాడివి."

ఫోర్‌మన్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "బండి కొనేవాడున్నాడు. సాయంత్రం తీసుకుపోతాడు. రేపట్నుంచి నా పక్కన కూర్చో. నీ వంట రుచి చూసి ఏడిపించాలని అందరూ కాచుకున్నారు."

ఆయనకి ప్రాణం లేచొచ్చింది. ఎవరైనా తనని ఏడిపించి ఎంతకాలమైందో. తాళం తీసుకుని బండి సర్దడానికి బయటికి నడిచాడు.

"అదేనా ఆ సీటు?" అన్నాడు ఫోర్‌మన్ వెనకే వచ్చి.

ఆయన మీట నొక్కాడు. సీటు ఇంటి గుమ్మం వైపు తిరిగి, కిందికి దిగి, ఆగింది. గుమ్మంలోంచి ఎవరూ రాలేదు.

"కూర్చో బావా."

"నాకేం రోగం?" అంటూనే ఫోర్‌మన్ సీటు మీద చెయ్యి వేశాడు. వెంటనే తీసేశాడు.

"ఇలాంటిది మనమూ చేసుండచ్చు కదా? నేనే బిగించేవాణ్ణి."

"ఎంతమంది కొంటారని?"

"మీ చెల్లెలు కొనేది."

ఫోర్‌మన్ సీటు నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఇంతకీ అమ్ముతావా, లేదా?" అన్నాడు.

"అమ్మలేను బావా."

"అయితే రేపు కూడా బయటే."

"రేపూ బయటే."

మర్నాడు మధ్యాహ్నం బండిలో కూర్చుని క్యారేజీ విప్పాడు. పక్క సీటు గేటు వైపు తిప్పి, కిందికి దించి ఉంచాడు. గోడ లోపల బల్లల దగ్గర అందరూ ఒక్కసారిగా నవ్వారు. ఎవరి మీద జోకో అర్థం కాలేదు. ఫోర్‌మన్ గేటు దాకా వచ్చి, ఎవరికోసమో వెతుకుతున్నట్టు రోడ్డు అటూ ఇటూ చూసి, లోపలికి వెళ్ళిపోయాడు.

గంట మళ్ళీ కొట్టేదాకా ఆయన బావ కోసం తెచ్చిన రెండో గిన్నె మూత తీయలేదు.