ఎర్రదారిలో పెళ్లికత్తి

స్టాంపులు కూడబెట్టేవాళ్ళను మనం చూశాం. పాత నాణేలు, అగ్గిపెట్టెల బొమ్మలు, ఆఖరికి హోటళ్ళలో ఇచ్చే సబ్బుబిళ్ళలు పోగుచేసేవాళ్ళను కూడా చూశాం. కత్తులు పోగుచేసే తెలుగువాడిని మీలో ఎంతమంది చూశారో నాకు తెలియదు. సింగపూర్‌లో పాసిర్ రిస్ అనే పేటలో, సముద్రపు గాలి తగిలే ఒక ఫ్లాట్‌లో అలాంటి మనిషి ఉండేవారు. పేరు ఈశ్వరరావు. విశాఖపట్నంలో ఓడలు కట్టే పని నేర్చుకుని, ఇక్కడి షిప్‌యార్డులో ఇంజనీరుగా చేరి, ఈ ఊరివారైపోయారు. ఆయన ఇంటి హాల్లో, తాళం వేసిన అద్దాల బీరువాలో నాలుగు కత్తులు ఉండేవి.

ఆదివారం పూట ఆ ఇంటికి మనవాళ్ళు రావడం, ఆయన భార్య ప్రభావతిగారి పెసరట్లు తినడం, ఆ తర్వాత చేతులు తుడుచుకుంటూ బీరువా ముందు నిలబడడం మామూలు. అందరూ అవే ప్రశ్నలు అడిగేవారు. పిడి బంగారమా? ఖరీదెంత? దీనితో ఎవరినైనా చంపారా? ఈశ్వరరావుగారు ఓపికగా జవాబు చెప్పేవారు కానీ ఆ ప్రశ్నలతో ఆయనకు విసుగొచ్చేసింది.

అది 1999వ సంవత్సరం. తేదీలో రెండు సున్నాలు కనబడగానే కంప్యూటర్లన్నీ తికమకపడతాయని లోకమంతా బెంగపెట్టుకున్న రోజులు. ఆ బెంగ పుణ్యమా అని మన కుర్రాళ్ళు సింగపూర్‌లో విమానాలకు విమానాలు దిగుతున్నారు. అలా దిగినవాడే హరికృష్ణ. భీమవరం దగ్గర పల్లెవాడు, ఊరికి ఆ చివర చోవా చూ కాంగ్ అనే పేటలో ముగ్గురు స్నేహితులతో కలిసి అద్దెకుంటున్నాడు. ఒక ఆదివారం అతను బీరువా ముందు చాలాసేపు నిలబడి, ఎవరూ అడగని మాట అడిగాడు.

"అంకుల్, ఇవి ఈ దేశంలోకి ఎలా వచ్చాయండి?"

ఈశ్వరరావుగారు కుర్చీ ముందుకు లాక్కున్నారు. ఇన్నాళ్ళకు ఒక మనిషి దొరికాడని ఆయన ముఖమే చెప్పింది.

"కొనడం ఎంతసేపోయ్! తేవడమే పెళ్ళంత పని. ముందు ఇక్కడి పోలీసులకి రాయాలి. కత్తి ఫొటో, పొడుగు, ఎవరి దగ్గర కొంటున్నాను, ఇంట్లో ఎక్కడ పెడతాను, అసలెందుకు కావాలి, అన్నీ చెప్పాలి. వాళ్ళు సరేనన్నాకే అక్కడ కత్తి ఓడెక్కాలి. దిగాక దాచకుండా కస్టమ్స్ వాళ్ళకి చూపించాలి. ఎయిర్‌పోర్టులో చూసుంటావుగా, ఎర్రదారి, పచ్చదారి అని రెండుంటాయి. చూపించాల్సింది ఉన్నవాళ్ళు ఎర్రదారిలోకి, ఏమీ లేనివాళ్ళు పచ్చదారిలోకి."

"పదును లేని కత్తయితేనండి?"

"పదునుందో లేదో చూసి చెప్పాల్సింది వాళ్ళు. మనం కాదు. ఇంటికి తెచ్చాక తాళం వెయ్యాలి. ఈ గుమ్మం దాటించాలన్నా, ఇంకోళ్ళకి ఇవ్వాలన్నా మళ్ళీ అడగాలి."

"నన్ను చేసుకున్నప్పుడు మా నాన్నగారిని కూడా ఇన్నిసార్లు అడగలేదు ఈయన" అన్నారు ప్రభావతిగారు వంటింట్లోంచి.

"ఇంత అవస్థ ఎందుకండి?" అన్నాడు హరి నవ్వుతూ.

"దొంగతనంగా తెచ్చిన కత్తిని చూసుకోవాలంటే తలుపులేసుకోవాలి. నాకేమో పదిమందికీ చూపించాలని సరదా. అడిగి తెచ్చాను కాబట్టే నువ్విలా ఎదురుగా నిలబడి చూస్తున్నావు."

హరికి అసలు సంగతి అప్పుడు బయటపెట్టక తప్పలేదు. అతనికి పెళ్ళి కుదిరింది. పిల్ల సుచిత్ర, ఇక్కడే విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తోంది. కొత్త సంవత్సరం వచ్చేదాకా ఆఫీసులో ఎవరికీ సెలవుల్లేవు. అందుకని పెళ్ళి ఇక్కడి గుడిలోనే చేద్దామని పెద్దలు ఒప్పుకున్నారు. అయితే గోదావరి జిల్లా రాజుల ఇళ్ళలో పెళ్ళికొడుకు చేతిలో కత్తి పట్టుకుని పీటల మీద కూర్చుంటాడు. హరి తాతగారి పెళ్ళికి చేయించిన కత్తి వాళ్ళింట్లో ఉంది. తాత, తండ్రి, ఇద్దరు బాబాయిలు దాన్ని పట్టుకునే పెళ్ళాడారు.

"అమ్మ తెస్తానంటోందండి."

ఈశ్వరరావుగారి ముఖంలో నవ్వు పోయింది. "వందేళ్ళు దాటలేదుగా? దాటితే మన దేశమే బయటికి పోనివ్వదు. దాటకపోతే, పురాతన వస్తువు కాదని అక్కడ రాయించుకోండి. ఇక్కడ అనుమతికి నేను సాయం చేస్తాను. ఇవాళే మొదలెట్టు. చివర్లో పరిగెత్తితే కుదరదు."

హరి తలూపాడు. తలూపి, చోవా చూ కాంగ్ వెళ్ళి, ఆఫీసు పనిలో పడ్డాడు. పాఠకులారా, అతను చెడ్డవాడు కాదు. మనలో చాలామందిలాగే, రూలు గురించి తెలుసుకోవడానికి ఎంత ఉత్సాహపడ్డాడో, పాటించడానికి అంత తీరిక చేసుకోలేదు. పెళ్ళి పది రోజుల్లో ఉందనగా తల్లికి ఫోన్ చేసి, కత్తి తేవద్దన్నాడు.

"పెళ్ళికత్తి ఆయుధం ఏవిట్రా?" అన్నారు సూర్యకుమారిగారు. "అదీ బాసికం లాంటిదే. బాసికం కట్టుకోడానికి పోలీసోళ్ళని అడుగుతావా?"

"ఇక్కడ రూలమ్మా. చాలా స్ట్రిక్టు."

"సరేలే."

తల్లి 'సరేలే' అంటే ఏమిటో హరికి చిన్నప్పటినుంచి తెలుసు. అయినా మళ్ళీ అడగలేదు. అడిగితే నిజం తెలుస్తుంది. తెలిస్తే ఏదో ఒకటి చెయ్యాలి. తెలియకుండా ఉండడంలో ఉన్న సుఖం కోసం మన చదువుకున్నవాళ్ళు ఎంత దూరమైనా పోతారు.

చాంగీ విమానాశ్రయంలో సామాన్లు వచ్చే చోటుకీ, ఎదురుచూసేవాళ్ళకీ మధ్య పెద్ద అద్దం ఉంటుంది. హరి, ఈశ్వరరావుగారు ఆ అద్దానికి ఇవతల నిలబడ్డారు. అవతల సూర్యకుమారిగారు ట్రాలీ తోసుకొస్తున్నారు. అరిసెల డబ్బాలు, పసుపుకొమ్ముల సంచి, పెట్టెలు. వాటి మీద అడ్డంగా, పట్టుచీర చుట్టి నవారుతో కట్టిన పొడుగాటి మూట.

ఆ పొడుగు చూడగానే అందులో ఏముందో హరికి తెలిసిపోయింది.

జనం అంతా పచ్చదారిలోకి నడిచిపోతున్నారు. ఎవరినీ ఆపడం లేదు. బహుశా ఆమెనూ ఆపరేమో. ఆపితే? ఆయుధాల చట్టం కింద, భాష రాని దేశంలో, ఆయుధం దాచి తెచ్చిన మనిషిగా నిలబడేది తల్లి. అతని ఉద్యోగం, పెళ్ళి రెండూ ఆ మూటతోపాటే పోతాయి. తల తిప్పుకుంటే చాలు, తనకేమీ తెలియదని చెప్పుకోవచ్చు. నిజం చెప్పాలంటే ఒక్క క్షణం అతను తల తిప్పుకున్నాడు కూడా. ఈశ్వరరావుగారు ఊరికే అతని ముఖం వైపు చూశారు.

తల్లి కొడుకుని చూసింది. ఎటు రావాలని కళ్ళతోనే అడిగింది. హరి చెయ్యెత్తి ఎర్రదారి చూపించాడు.

ఆమెకు అర్థం కాలేదనడానికి వీల్లేదు. ముఖం ఎర్రబడింది. కన్నకొడుకే తనను పోలీసులకు అప్పజెబుతున్నట్టు అద్దంలోంచి చూసి, ట్రాలీ గిరుక్కున తిప్పి ఎర్రదారిలోకి నడిచింది.

కాసేపటికి హరిని లోపలికి పిలిచారు. చిన్న గది. బల్ల మీద పట్టుచీర విప్పి ఉంది. దాని మీద కత్తి. ఎదురుగా తలకు గుడ్డ చుట్టుకున్న మలయ్ అమ్మాయి, కస్టమ్స్ అధికారి. హరి కంటే చిన్నదేమో. అనుమతి లేకుండా తెచ్చారు కాబట్టి కత్తి తమ దగ్గరే ఉంటుందనీ, తల్లి తానై వచ్చి చూపించింది కాబట్టి ఆ మాట కూడా నమోదు చేస్తాననీ చెప్పింది. తర్వాత ఇంగ్లీషులో అడిగింది.

"ఇది ఎందుకు?"

"మా ఆచారం" అన్నాడు హరి.

"ఆచారమని అర్థమైంది. కానీ దేనికి? పెళ్ళికొడుకు కత్తి ఎందుకు పట్టుకుంటాడు?" ఆమె గొంతులో కోపం లేదు, అనుమానం లేదు. తెలుసుకోవాలనే ఉంది.

హరి ఇన్ని పెళ్ళిళ్ళు చూశాడు, ఏనాడూ ఎవరినీ అడగలేదు. తల్లివైపు తిరిగి, "ఎందుకమ్మా?" అన్నాడు.

సూర్యకుమారిగారు కొడుకు ముఖం చూడకుండా కత్తి వైపే చూస్తూ చెప్పారు. "ఎందుకేవిట్రా. ఈ పిల్ల చెయ్యి పట్టుకున్నాను, ఇకనించి ఈవిడికి ఏ ఆపదొచ్చినా ముందు నేను నిలబడతాను అని నలుగురిలో చెప్పడం. మీ నాన్నగారు పట్టుకున్నప్పుడు మీ తాతగారు అదే చెప్పేరు."

ఆ మాట ఇంగ్లీషులోకి చెప్పబోయి హరి సగంలో ఆగిపోయాడు. ఆపదలో ముందు నిలబడతానని చెప్పే కత్తి. దాని ఆపదంతా తల్లి నెత్తిన పెట్టి తను అద్దం అవతల నిలబడ్డాడు. అడగాల్సినప్పుడు అడిగి ఉంటే ఆమెకీ గది చూసే ఖర్మ పట్టేది కాదు. సిగ్గుతో అతని కళ్ళు తడిశాయి. ఎలాగో మాట పూర్తిచేశాడు.

అధికారి తలూపి, చేతులకు తొడుగులు వేసుకుని, కత్తిని మళ్ళీ అదే చీరలో చుట్టింది. "తిరిగి వెళ్ళేటప్పుడు ఆమెతో పంపించడానికి వీలవుతుందేమో పైవాళ్ళు చూస్తారు" అంది.

"తేమ తగలకుండా చూడమని చెప్పరా" అన్నారు సూర్యకుమారిగారు. "మీ నాన్న పోయినకాడినుంచి ప్రతి దసరాకీ నేనే నూనె రాస్తన్నాను."

మర్నాడు ఆవిడ పాసిర్ రిస్ వచ్చారు. వచ్చీ రాగానే బీరువా ముందు నిలబడ్డారు.

"ఏం నూనె రాస్తారండి వీటికి?"

"లవంగనూనె వేరే నూనెలో కొంచెం కలిపి రాస్తానండి. మీరో?"

"కొబ్బరినూనె. దొరికిందదే." ఆవిడ అసలు మాటకొచ్చారు. "నాలుగున్నాయి కదండీ. ఒక్క పూటకి ఒకటివ్వండి. గుళ్ళోంచి తిన్నగా మీ ఇంటికే తెచ్చేస్తాం. ఖాళీ చేతుల్తో పీటల మీద కూర్చుంటే మావాళ్ళు నన్ను బతకనివ్వరు."

ప్రభావతిగారు భర్త వైపు చూశారు. శుభకార్యం, ఇచ్చేస్తే ఏం పోయింది అని ఆ చూపు.

"ఇవ్వాలని నాకు లేదనుకుంటున్నారా!" అన్నారు ఈశ్వరరావుగారు. "కానీ వీటికి ఈ ఇంట్లో ఉండడానికే అనుమతుందమ్మా. నన్ను నమ్మి ఇచ్చారు. మీరు మంచివారని నేను గుమ్మం దాటిస్తే, రేపు ఇంకో మంచివాడు అడుగుతాడు. కాదనడానికి నాకు ముఖం ఉండదు. గుడికి తేవడానికి అనుమతి అడుగుదామంటే, ముహూర్తం ఎల్లుండే. కుదరదు."

సూర్యకుమారిగారు చెప్పులేసుకుని విసురుగా వెళ్ళిపోయారు. ఆ రోజు ఆ ఇంట్లో భార్యాభర్తలు కూడా సరిగ్గా మాట్లాడుకోలేదు.

పెళ్ళి రోజు వచ్చింది. గుళ్ళో మేళం మోగుతోంది. హరి పీటల మీద కూర్చున్నాడు. కుడిచెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకసారి మోకాలి మీద, ఒకసారి ఒళ్ళో పెట్టుకుంటున్నాడు. పెళ్ళికి వచ్చిన బంధువుల్లో గుసగుసలు మొదలయ్యాయి. వెనక నుంచి ఎవరో పైకే అన్నారు: "కత్తేదండీ? కత్తి లేకుండా రాజుల పెళ్ళేంటి?"

ఈశ్వరరావుగారు తల దించుకున్నారు. హరి తల్లి వైపు చూశాడు. సూర్యకుమారిగారు లేచి నిలబడ్డారు. మేళగాళ్ళు ఆగిపోయారు.

"పూర్వం మా ఇళ్ళల్లో వరుడు రాలేకపోతే కత్తిని పంపించేవారండి" అన్నారావిడ. "ఆ కత్తికే బాసికం కట్టి, దాని పక్కనే పిల్లని కూర్చోబెట్టి పెళ్ళి చేసేసేవారు. మనిషి లేకపోయినా కత్తుంటే చాలన్నమాట. ఇవాళ కత్తి రాలేదు, వరుడొచ్చేడు. మా కోడలికి కావాల్సిందేదో అదే వచ్చింది. కానివ్వండి పంతులుగారూ."

ఒక్కసారిగా అందరూ నవ్వారు. సుచిత్ర తెరచాటునుంచి మెల్లగా, "నాకూ ఇదే నయం అత్తయ్యగారూ. ఖాళీ చెయ్యయితే పట్టుకోడానికి వీలుగా ఉంటుంది" అంది. హరి మొదటిసారి ఆ చేతిని కదల్చకుండా ఉంచాడు.

భోజనాల దగ్గర సూర్యకుమారిగారు ఈశ్వరరావుగారిని వెతుక్కుంటూ వచ్చారు. ఆయన విస్తట్లో తనే స్వయంగా ఒక పూర్ణం వడ్డించారు.

"ఇవ్వనన్నారని కోపం వచ్చిందండి. వెళ్ళాక ఆలోచించుకున్నాను. మీరిచ్చుంటే అప్పుడు నలుగురి ముందూ కత్తుండేది గానీ, ఎవరైనా చూస్తారేమోనని పెళ్ళైందాకా నా కళ్ళు గుమ్మం మీదే ఉండేవి. ఇవాళ కొడుకు పెళ్ళి తీరిగ్గా చూసేను." ఆవిడే మళ్ళీ అడిగారు. "మా మనవడి పెళ్ళి ఇక్కడైతే ఎన్నాళ్ళు ముందు రాయమంటారు పోలీసులకి?"

"వాడు పుట్టగానే రాసేద్దామమ్మా" అన్నారు ఈశ్వరరావుగారు. ఆవిడ పకపకా నవ్వారు.

తిరుగు ప్రయాణం రోజు ఆ కత్తి, అదే పట్టుచీర మూటలో, కాగితాలన్నీ సరిచూసుకుని ఆవిడతోనే వెళ్ళింది. సాగనంపడానికి వచ్చిన కొడుకుతో ఆవిడ అన్న మాట, పరాయి దేశంలోకి మన ఇంటి వస్తువు తీసుకెళ్ళే ప్రతివాళ్ళూ గుర్తుంచుకోవాల్సిన మాట:

"దాచి తెస్తే దేవుడి పటమైనా దొంగసొత్తులాగే వణికిస్తుందిరా. ఈసారి ముందే అడిగి తెచ్చుకుందాం, తలెత్తుకుని పట్టుకుందువుగాని."